తాకట్టు పెట్టలేని కానుక

ఇంగ్లండులో ఉంటున్న మా అన్నయ్యగారబ్బాయి 2023 జూన్ నెలాఖరున నాకు ఫోను చేసి ఒక ధర్మసందేహం వెలిబుచ్చాడు. అన్నయ్యా వదినా వాడి దగ్గరకు వెళ్ళి అప్పటికి మూడు వారాలయింది. జులైలో అన్నయ్యకు డెబ్భై అయిదేళ్ళు నిండుతాయి. "బాబాయ్, నాన్నకి చొక్కాలూ వాచీలూ ఎన్నని కొనిపెడతాను? ఈసారి పాతకాలపు విమానంలో ఒక చుట్టు తిప్పిద్దామనుకుంటున్నాను. ముందుగా చెప్పను. తిన్నగా తీసుకెళ్ళి దాని ముందు నిలబెడతాను. ఏమంటావు?" అని అడిగాడు.

నేను క్షణం ఆలోచించకుండా వద్దన్నాను. వద్దనటం పినతండ్రుల జన్మహక్కు. ఆ తరువాత వారం రోజులు ఆ మాటే మనసులో తిరిగింది. చివరకు, నేను వద్దనటానికి చెప్పిన కారణాలలో సగమూ, వాడు కావాలనటానికి చెప్పిన కారణాలలో సగమూ తప్పని తేలింది. ఆ లెక్క ఇక్కడ ఒప్పజెబుతున్నాను. ఇటువంటి కానుకలు కొనే వయసువారూ, పుచ్చుకునే వయసువారూ కూడా మన చదువరులలో ఉన్నారు గనుక ఎవరికో ఒకరికి పనికి రాకపోదు.

ముందుగా ఆ విమానం సంగతి. పేరు టైగర్ మాత్. డి హావిలాండ్ సంస్థ తయారుచేసినది. 1931 అక్టోబరులో మొదటిసారి ఎగిరింది. ఆ సంస్థ అధిపతి జెఫ్రీ డి హావిలాండ్‌కు శలభాలను సేకరించి పరిశీలించే అలవాటు ఉండేది. అందుకే తన చిన్న విమానాలలో చాలావాటికి శలభాల పేర్లు పెట్టాడు. రెండంతస్తుల రెక్కలు, కొయ్యతో చేసిన ఆ రెక్కల మీద బిగించి రంగు పూసిన బట్ట. ఒకరి వెనుక ఒకరుగా ఇద్దరికే చోటు. పైకప్పు లేదు. చక్రాలకు బ్రేకులు లేవు. ముందున్న పంఖాను ఒక మనిషి చేత్తో తిప్పితే గాని ఇంజను అందుకోదు. నడిపే మనిషి వెనుక కూర్చుంటాడు, ఎక్కిన అతిథి ముందు కూర్చుంటాడు. సాధారణంగా పోయే వేగం తక్కువే; ఇంచుమించు మన గోదావరి వంతెన దాటాక రైలు అందుకునే పరుగు పాటి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనూ, ఆ తరువాతా మన వాయుసేన కుర్రవాళ్ళు కూడా దీని మీదనే ఎగరటం నేర్చుకున్నారు. అటువంటి దానినొకదాన్ని బాగుచేయించి, 2012 వాయుసేన దినోత్సవంనాడు మళ్ళీ ఎగురవేశారు.

మన దేశంలో ఇటువంటి ముచ్చట టిక్కెట్టుకు దొరకదు. వాయుసేన వారి పాత విమానాలను దూరంనుంచి చూసి చప్పట్లు కొట్టవలసిందే. విశాఖ బీచి రోడ్డులో నౌకాదళం వారి టీయూ-142 ఉంది; 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపలికి వెళ్ళి రావచ్చు గాని అది కదిలేది కాదు. ఇంగ్లండులో అలా కాదు. కేంబ్రిడ్జి దగ్గర డక్స్‌ఫర్డ్ వంటి చోట్ల రుసుము తీసుకుని టైగర్ మాత్‌లోనూ, 1934 నాటి డ్రాగన్ రాపీడ్‌లోనూ జనాన్ని ఎక్కించుకుంటారు. రాపీడ్ కూడా కొయ్య విమానమే. అయితే దానికి పైకప్పూ కిటికీలూ ఉంటాయి, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవచ్చు. చేతినిండా సొమ్మున్నవారికి యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ ఉంది. దాని ఖరీదు వేల పౌండ్లలో ఉంటుంది.

నా మొదటి అభ్యంతరం వయసు. అది నిలవలేదు. జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి చిన్న పుస్ మాత్ విమానంలో తపాలా మూటలు తెచ్చారు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1982లో, తన డెబ్భై ఎనిమిదవ ఏట, అదే దారిలో లెపర్డ్ మాత్ అనే పాత విమానాన్ని తానే నడుపుకుంటూ వచ్చారు. ఆయన ముందు మా అన్నయ్య కుర్రవాడే.

రెండవ అభ్యంతరం ప్రమాదం. ఇది నిలుస్తుంది. 2018 ఆగస్టు 4న స్విట్జర్లండు కొండలలో యుంకర్స్ 52 అనే పాత విమానం కూలి, అందులో విహారానికి బయలుదేరిన ప్రయాణీకులూ సిబ్బందీ మొత్తం ఇరవైమందీ మరణించారు. 2019 అక్టోబరు 2న అమెరికాలో బి-17 బాంబరు అలాగే జనాన్ని ఎక్కించుకుని కూలితే ఏడుగురు పోయారు. శ్రద్ధగా చూసుకునే విమానాలే. అయినా ఎనభై తొంభై ఏళ్ళనాటి యంత్రం మామూలు ప్రయాణ విమానంతో సమానం కాదు. ఆ సంగతి తెలిసి ఒప్పుకుని ఎక్కటం ఒక ఎత్తు, పుట్టినరోజునాడు పదిమంది ఎదుట, కెమెరాల ముందు నిలబెడితే మొహమాటానికి ఎక్కటం మరొక ఎత్తు.

అందుచేత ఆశ్చర్యపరిచే పథకాన్ని మాత్రం మానుకొమ్మని మావాడికి గట్టిగా చెప్పాను. చీర గాని వాచీ గాని ముందు చెప్పకుండా ఇవ్వవచ్చు. నచ్చకపోతే బీరువాలో పడి ఉంటుంది. ఒకరి ప్రాణానికి ఉన్న కొద్దిపాటి అపాయాన్ని వారికి చెప్పకుండా మనం ఎలా కొంటాము? పైగా మా అన్నయ్య సంగతి నాకు తెలుసు. కోరుకొండ నరసింహస్వామి మెట్లెక్కి, పైనుంచి కిందికి చూడవలసి వస్తే కళ్ళు మూసుకునే మనిషి. కొడుకు డబ్బు కట్టాడన్న ఒక్క కారణంతో పళ్ళ బిగువున ఎక్కి, దిగాక "బ్రహ్మాండం" అంటాడు. ఆ అబద్ధాన్ని ఫొటో కట్టించి గోడకు తగిలించుకుంటాం.

"అదేమిటి? నాన్నకి విమానాలంటే పిచ్చి కదా! నా చిన్నప్పుడు డాబా మీద నిలబడి వాయుదూత్ వచ్చిందంటే పిలిచి చూపించేవారు కదా!" అన్నాడు వాడు.

అక్కడ నా మాట ఆగిపోయింది. డాబా మీద నిలబడినది అన్నయ్య కాదు.

మా ఇల్లు కోరుకొండ దగ్గరి పల్లెలో ఉంది. మధురపూడి విమానాశ్రయం మాకు పొరుగు. తెల్లవాళ్ళ హయాంలో వేసిన ఆ మైదానానికి 1980లలో వాయుదూత్ వారి చిన్న విమానాలు వచ్చేవి. 1981లో పుట్టి, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన సంస్థ అది. మా ఊళ్ళో పెద్దవాళ్ళింకా విమానాన్ని గాలిమోటారనే అనేవారు. దాని చప్పుడు వినబడగానే వడియాల చేత్తోనే ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, అది కొబ్బరిచెట్ల వెనక్కి దిగిపోయే దాకా చూసే మనిషి మా వదిన. పిల్లవాణ్ణి చంకనెత్తుకుని చూపించినదీ ఆవిడే. భోజనాల దగ్గర ఆ కబుర్లన్నీ గట్టిగా చెప్పినది మాత్రం అన్నయ్య. వాడి జ్ఞాపకంలో గొంతు మిగిలింది, చెయ్యి జారిపోయింది.

ఒకసారి ఆవిడ, "హైదరాబాదు పెళ్ళికి గాలిమోటారులో వెళ్తే ఎంతవుద్దేంటి?" అని అడిగింది. ఇంట్లో అందరమూ నవ్వాము. నేనూ నవ్వాను. టిక్కెట్టు ధర ఎవరమూ చెప్పలేదు, ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఈ మాట చెబితే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "అయితే అమ్మ పుట్టినరోజుకి ఇస్తాను. అమ్మ పుట్టినరోజెప్పుడు బాబాయ్?" అన్నాడు.

ఏం చెప్పను? పాస్‌పోర్టులో 1953 జులై 1 అని ఉంది. ఆ తరం వాళ్ళలో సగంమంది జులై ఒకటినే పుట్టారు. బడిలో చేర్చుకున్న మాస్టారి చలవ అది. నిజానికి ఆవిడ కోనసీమలో ఒక లంకగ్రామంలో, 1953 ఆగస్టు గోదావరి వరదలో, ఇంట్లోకి నీళ్ళొస్తే అటక మీద పుట్టింది. విజయనామ సంవత్సర శ్రావణ శుద్ధ సప్తమి అని వాళ్ళమ్మగారు చెప్పేవారట. అంటే 2023లో ఆవిడకూ డెబ్భై నిండుతున్నాయి. కొడుకుకు తెలియదు, భర్తకు తట్టలేదు, పంచాంగం చూసే అలవాటున్న నాకూ తోచలేదు.

ఇందులో మా ఇంటి తప్పుతో పాటు మన ఆచారం తప్పు కూడా ఉంది. షష్టిపూర్తి భర్త వయసును బట్టి చేస్తాము. 2008లో, సర్వధారిలో, అన్నయ్యకు అరవై నిండితే పందిరి వేసి, పుస్తెలు మళ్ళీ కట్టించి, మూడు వందలమందికి భోజనాలు పెట్టాము. పీటల మీద వదిన కూడా కూర్చుంది. ఆవిడకప్పుడు యాభై అయిదు. తరువాత 2013లో విజయనామ సంవత్సరం తిరిగి వచ్చింది. ఆవిడ పుట్టిన సంవత్సరం అరవై ఏళ్ళకు చుట్టి వచ్చిన ఆ శ్రావణంలో నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు ఆవిడ వండి వడ్డించింది, నేను తిన్నాను. అంతకు మించి నాకేమీ గుర్తులేదు. భీమరథశాంతి అయినా అంతే, లెక్క యజమానిది. భార్య పక్కన కూర్చోవటానికి ఉంటుంది. ఆచారాన్ని మార్చమని ఇప్పుడు నేను ఉద్యమం లేవదీయటం లేదు. కనీసం ఇంట్లో ఇంకొక మనిషి వయసు కూడా నడుస్తోందని గుర్తుపెట్టుకోవచ్చునంటున్నాను.

కానుక అనేసరికి బంధువర్గంలో రెండు మాటలు వచ్చాయి. ఆ సొమ్ముతో అన్నదానం చేయించవచ్చు కదా అని ఒకరు. చేయించవచ్చు, కాని అన్నయ్య పుట్టినరోజు పద్దుకు రాని ఈ ప్రశ్న వదిన దగ్గరకే ఎందుకు వచ్చిందో నాకు అంతుబట్టలేదు. బంగారం కొనిపెడితే నిలిచి ఉంటుంది కదా అని మరొకరు. ఇక్కడే నా అభిప్రాయం స్థిరపడింది. వదిన బంగారం ఎక్కడ నిలిచింది? కాసులపేరు కూతురి పెళ్ళికి కరిగింది. గాజులు ఈ కొడుకు చదువుకోసం బ్యాంకులో తాకట్టుకు వెళ్ళి, రెండుసార్లు వచ్చి, మూడోసారి రాలేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు పెట్టే బంగారమంతా వాళ్ళ ఒంటి మీద కొన్నాళ్ళు ఆగి ఇంకొకరి అవసరానికి కదిలిపోయేదే. పోనీ అని సంతోషంగానే తీసి ఇస్తారు, నిజమే. కాని ఆకాశంలో తిరిగిన ఇరవై నిమిషాలను కూతురికి పంచలేరు, కోడలికి పెట్టలేరు, బ్యాంకు గుమాస్తా తూచలేడు. ఆవిడ ఒక్కతెకే చెంది, ఇంకెవరికీ పనికిరాని వస్తువొకటి ఆవిడకు ఉండాలనిపించింది. డెబ్భై ఏళ్ళకు ఒకటి.

ఇక ఏ విమానం? పాతదనం ఒక్కటే చాలదు. ఎవరి జీవితానికి అది పాతది అన్నది చూసుకోవాలి. రాజీవ్ చంద్రశేఖర్ గారు ఐర్లండులో తుక్కుగా పడి ఉన్న డకోటాను 2011లో కొని, బాగుచేయించి, 2018లో వాయుసేనకు బహూకరించారు. దానికి పరశురామ అని పేరు పెట్టారు. ఆయన తండ్రి వాయుసేనలో డకోటాలు నడిపిన అధికారి. ఆ కానుకకు అర్థం అక్కడ ఉంది. మన తెలుగువాళ్ళకు డకోటా అంటే లొడలొడలాడే బండికి పెట్టే పేరు. ఒకప్పుడు నైజాం వారి డక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాదు నుంచి నడిపిన విమానాలు అవే; ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఆ తీరున చూస్తే వదినకు నప్పేది మధురపూడిలో దిగిన వాయుదూత్ విమానం. అది ఇప్పుడు టిక్కెట్టుకు దొరకదు. ఇంగ్లీషు యుద్ధాలతో ఆవిడకు చుట్టరికం లేదు గనుక స్పిట్‌ఫైర్ అక్కరలేదు. నా మట్టుకు రాపీడ్ బాగుందనిపించింది. కప్పు ఉంది, కొడుకు పక్కన కూర్చుంటాడు, చలి వేయదు.

కాని ఎంపిక మాది కాదని అప్పటికి బుద్ధి వచ్చింది. మావాడు రెండు విమానాల బొమ్మలూ తల్లి ముందు పెట్టాడు. ఎంత ఎత్తున ఎగురుతాయో, ఏ ప్రమాదాలు జరిగాయో దాచకుండా చెప్పాడు. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరనీ చెప్పాడు. ఆవిడ మొదట అన్న మాట మీరు ఊహించినదే. "నాకెందుకురా ఇయ్యన్నీ." మన అమ్మలు ఈ మాట దగ్గర మనను ఆపేస్తారు, మనమూ ఆగిపోవటానికి సిద్ధంగా ఉంటాం. వాడు ఆగలేదు, అలాగని బలవంతమూ చేయలేదు. బొమ్మలు బల్ల మీద వదిలేశాడు.

మూడో రోజున ఆవిడే నాకు ఫోను చేసింది. "ఏమయ్యా, ఆ కప్పులేనిది చీరతో ఎక్కనిస్తారంటావా?"

నాకు సరళా ఠక్రాల్ గుర్తుకు వచ్చారు. 1936లో, ఇరవై ఒకటో ఏట, విమానం నడిపే అర్హత సంపాదించిన భారతీయ మహిళ. నడిపినది టైగర్ మాత్‌కు అక్కగారైన జిప్సీ మాత్. అప్పటికే ఆమెకు నాలుగేళ్ళ కూతురు. ఆమె చీర కట్టుకునే విమానం ఎక్కారు. ఆ సంగతి చెప్పాను. "మరింకేం" అంది వదిన.

కప్పులేనిదే ఎందుకని అడిగాను. "మొన్న హైదరాబాదులో ఎక్కించిన పెద్దది గదిలో కూర్చున్నట్టుంది. కిటికీ మీ అన్నయ్యకిచ్చారు. ఆయనేమో తెర దించేసి నిద్రపోయారు. ఎగిరినట్టే లేదు" అంది. ఇంత తెలిసిన మనిషికి నేను రాపీడ్‌లో కిటికీ పక్క సీటు చూసిపెడదామనుకున్నాను!

ముహూర్తం దగ్గర కొంత చిక్కు వచ్చింది. 2023లో శ్రావణాలు రెండు. అధిక శ్రావణం లెక్కకు రాదని అన్నయ్య తీర్పు చెప్పాడు. నిజ శ్రావణ శుద్ధ సప్తమి ఆగస్టు 23న వచ్చింది. ఆ రోజు చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చూశారట. వదినకు పాయసం ఎవరు చేశారని అడిగాను, కోడలని చెప్పారు. విమానం ఆ వారాంతానికి కుదిర్చారు, గాలి ఎక్కువగా ఉందని వాయిదా వేశారు. ఇటువంటి కానుక ఇవ్వదలచినవారు ఇది గుర్తుంచుకోవాలి. పుట్టినరోజునాడు ఇవ్వదగినది టిక్కెట్టు మాత్రమే. ఎగిరే రోజు గాలీ మబ్బూ నిర్ణయిస్తాయి. సెలవు ఒక్కరోజే పెట్టుకుని, కేకు కూడా అక్కడే కోయాలనుకుంటే భంగపడతారు.

సెప్టెంబరు మొదటి వారంలో ఆకాశం తేటపడింది. కింది రెక్క మీద కాలు పెట్టి ఎక్కాలి గనుక, చీర సంగతి అక్కడివారు మర్యాదగానే కాదన్నారు. ఆవిడ కోడలి పంట్లాము తొడుక్కుంది. తలకు తోలుటోపీ, కళ్ళకు పెద్ద అద్దాలు. నాకు పంపిన ఫొటోలో బొట్టు కూడా కనపడదు. చెప్పకపోతే ఎవరో తెలియదు. అన్నయ్య కంచె ఇవతల నిలబడి విమానం తిరిగి వచ్చేదాకా పైకి చూడలేదట. ఆయనకు పుట్టినరోజుకు ఏం కావాలని విడిగా అడిగితే మంచి టార్చిలైటు కావాలన్నాడు. కొనిచ్చారు. ఇప్పటికీ తలగడ పక్కనే పెట్టుకుంటాడు.

ఆ సాయంత్రం ఫోనులో ఎలా ఉందని అడిగాను. గొప్ప మాటలేవో వస్తాయనుకున్నాను. "చెవులు గళ్ళు పడ్డాయి. ఆవులు కనపడ్డాయి, చిన్నగా. చెయ్యి బయటికి పెట్టబోతే వెనకాల ఆయన వద్దన్నాడు" అంది. కొంతసేపటికి, "మన ధవళేశ్వరం మీద తిరిగితే గౌతమీ వశిష్ఠా విడిపోయే చోటు ఇలాగే కనపడుద్దా?" అని అడిగింది.

కనపడుతుందన్నాను. ఇప్పుడు రాజమండ్రికి ఏటీఆర్ విమానాలు వస్తాయి. దానికి రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి గనుక కిందిదంతా అడ్డు లేకుండా చూడవచ్చు. ఏ దిక్కుకు తిరిగేదీ మన చేతిలో ఉండదు గాని, పగటిపూట కిటికీ పక్కన కూర్చుంటే ఏదో ఒక పక్క గోదావరి తగులుతుంది. అది పాత విమానం కాదు, పుట్టినరోజు కానుక కూడా కాదు. ఒకనాడు అడిగితే నవ్వి ఊరుకున్న టిక్కెట్టు బాకీ. అది నేను తీర్చవలసినది. ఇంగ్లండు నుంచి వచ్చాక తీర్చాను. కిటికీ ఆవిడదే.

చదువరులకు నా విన్నపం ఒక్కటే. పాత విమానాల ధరలు ఆరా తీయబోయే ముందు, ఇంట్లో మీ అమ్మగారు ఏ తిథినాడు పుట్టారో అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పాస్‌పోర్టులో ఉన్న తేదీని మాత్రం నమ్మకండి.